చలికాలపు సంజకు ఇన్ని రంగులెందుకు?

కార్తీకం దాటి మార్గశిరం వచ్చేసరికి ఫోన్లలో ఒకే రకం ఫొటోలు తిరగడం మొదలవుతుంది. ట్యాంక్‌బండ్ మీద నుంచి తీసిన నారింజ రంగు సాయంత్రం, విశాఖ ఆర్కే బీచ్‌లో గులాబీ రంగు పొద్దుపొడుపు, వంజంగి కొండ మీద మంచు మేఘాలకు పసిడి అంచు. వాటి కింద అడిగే ప్రశ్న కూడా ఒకటే: చలికాలంలోనే ఆకాశం ఇంత రంగులమయంగా ఎందుకుంటుంది? జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. గాలి శుభ్రంగా ఉంటుంది కాబట్టి అని కొందరంటారు. కాలుష్యం పెరిగింది కాబట్టి అని ఇంకొందరు. సూర్యుడు భూమికి దగ్గరగా వస్తాడు కాబట్టి అనేవాళ్లూ ఉన్నారు. వీటిలో ఒకటి సగం నిజం, ఒకటి దాదాపు తలకిందులు, ఒకటి సంబంధం లేని విషయం.

క్లుప్తంగా

చలికి సొంతంగా రంగు లేదు. ఉదయ, సాయంకాలాల ఎరుపు, నారింజ రంగులు ఏడాది పొడవునా ఒకే సూత్రం వల్ల వస్తాయి. వాటిని చెడగొట్టేవి గాలిలోని పెద్ద రేణువులు, తేమ, అడ్డొచ్చే దట్టమైన మేఘాలు. దక్కన్ ప్రాంతంలో వానలు వెనక్కి తగ్గాక తేమా, దట్టమైన మేఘాలూ తగ్గుతాయి, ధూళి నేలకు దగ్గరగా అణిగిపోతుంది. ఎత్తున పల్చటి మేఘాలు రంగులకు తెరలా నిలుస్తాయి. పొద్దు పొడిచే వేళ, గుంకే వేళ జనం బయట తిరిగే వేళలతో కలుస్తాయి. మామూలు కాలుష్యం రంగుల్ని పెంచదు, మసకబారుస్తుంది.

నీలం దారిలోనే చెదిరిపోతుంది

ఎండ తెల్లగా కనిపించినా అందులో ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని రంగులూ కలిసే ఉంటాయి. ఈ వెలుగు గాలిలోకి దిగగానే నైట్రోజన్, ఆక్సిజన్ అణువులకు తగిలి నలుదిక్కులకూ చెదురుతుంది. బడి పుస్తకాల్లో దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. అన్ని రంగులూ సమానంగా చెదరవు. తరంగదైర్ఘ్యం, అంటే కాంతి అలల మధ్య దూరం, సగమైతే చెదిరే కాంతి 16 రెట్లవుతుందని 1871లో జాన్ విలియం స్ట్రట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తేల్చారు. తర్వాత లార్డ్ రేలీగా ప్రసిద్ధుడైంది ఆయనే. ఆ లెక్కన 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. పగటి ఆకాశం నీలంగా కనిపించేది ఇలా చెదిరిన వెలుగు వల్లే.

సాయంత్రానికి మారేది వెలుగు నడిచే దూరం. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కిరణం దాటాల్సిన గాలిని ఒక వంతు అనుకుంటే, సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగినప్పుడు అది రెండు వంతులవుతుంది. 10 డిగ్రీల దగ్గర ఐదున్నర వంతులు దాటుతుంది. నేలను తాకే వేళకు దాదాపు 38 వంతులు. అంత మందాన గాలిని దాటి వచ్చేసరికి నీలం, ఆకుపచ్చ చాలావరకు దారిలోనే చెదిరిపోతాయి. కంటి దాకా వచ్చేది పసుపు, నారింజ, ఎరుపు.

దీన్ని వంటింట్లోనే చూడొచ్చు. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి, నాలుగైదు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేయాలి. పక్క నుంచి చూస్తే నీళ్లు లేత నీలంగా కనిపిస్తాయి. ఎదురుగా, టార్చ్ వైపు చూస్తే వెలుగు పసుపు మీదుగా నారింజకు తిరుగుతుంది. ఇంకొన్ని చుక్కలు కలిపితే నారింజ ముదురుతుంది. చెంచాడు పాలు పోస్తే మాత్రం రెండు రంగులూ పోయి గ్లాసంతా తెల్లగా అయిపోతుంది. ఈ మూడో దశను గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

సంజ రంగు అంటే దారి పొడవునా నీలాన్ని తీసేయగా మిగిలినదన్న మాట. ఈ తీసివేత ఎంత శుభ్రంగా జరిగితే మిగిలిన రంగు అంత నిగ్గుదేలుతుంది. చలికాలం ఇచ్చే సాయం ఇక్కడే ఉంది.

అగరుబత్తి పొగ, ఉప్పు డబ్బా

గాలిలో అణువులే కాకుండా దుమ్ము, మసి, సముద్రపు ఉప్పు, రకరకాల పొగల నుంచి పుట్టే సల్ఫేట్ల వంటి రేణువులు కూడా తేలుతుంటాయి. రేణువు కాంతి తరంగం కంటే బాగా చిన్నదైతే అది అణువు లాగే నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది. తరంగమంత సైజుకు, ఆపైకి పెరిగితే అన్ని రంగుల్నీ ఇంచుమించు సమానంగా చెదరగొడుతుంది. అప్పుడు కనిపించేది తెలుపు, లేదా బూడిద రంగు. మేఘాలు, పొగమంచు తెల్లగా ఉండటానికి కారణం ఇదే.

పూజ గదిలో అగరుబత్తి కొస నుంచి లేచే పొగను నల్లటి గోడకు ఎదురుగా పెట్టి చూస్తే నీలి ఛాయ తెలుస్తుంది. బీడీ కాల్చే మనిషి చేతిలోని బీడీ కొస నుంచి వచ్చే పొగకూ ఆ నీలమే ఉంటుంది. అదే పొగను లోపలికి పీల్చి వదిలితే తెల్లగా వస్తుంది. ఊపిరితిత్తుల్లోని తేమ పట్టి రేణువులు ఉబ్బడమే తేడా.

ఆకాశంలోనూ జరిగేది ఇదే. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు చెమ్మగిల్లి ఉంటుంది. గాలిలోని ఉప్పు, సల్ఫేట్ రేణువులు కూడా తేమ 75, 80 శాతం దాటితే నీరు పీల్చి ఉబ్బుతాయి. జులై, ఆగస్టు నెలల్లో వాన లేని రోజున కూడా ఆకాశం అంచులు పాలిపోయినట్టు ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. నీటి ఆవిరికి తెలుపు చేసే గుణం లేదు. అది కంటికి కనిపించదు. తెల్లబరిచేది ఆ ఆవిరిని తాగిన రేణువు.

చల్లటి గాలి నీటి ఆవిరిని తక్కువగా మోస్తుంది. ఒక ఘనమీటరు గాలిలో 30 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా 30 గ్రాముల దాకా ఆవిరి పడితే, 15 డిగ్రీల దగ్గర పట్టేది 13 గ్రాములే. పైగా నైరుతి రుతుపవనాలు వెళ్లిపోయాక తెలంగాణ, రాయలసీమల మీదికి సముద్రపు గాలి స్థానంలో ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి పొడిగాలి వీస్తుంది. పెదాలు పగలడం, కాళ్ల మడమలు చిట్లడం మొదలైన రోజుల్లోనే మధ్యాహ్నం, సాయంత్రం గాలిలో తేమ తగ్గి రేణువులు చిన్నవిగా ఉండిపోతాయి. పొడి చర్మానికీ, నిగ్గుదేలిన సాయంత్రానికీ మూలం ఒకటే గాలి.

తెల్లవారుజామున లెక్క వేరు. అప్పుడు నేల చల్లబడి, తేమ శాతం పెరిగి, పొలాల మీద, చెరువుల మీద పొగమంచు పడుతుంది. అందుకే పల్లపు ప్రాంతాల్లో, ముఖ్యంగా కృష్ణా, గోదావరి డెల్టాల్లో, చలికాలపు ఉదయం చాలాసార్లు తెల్లగానే మొదలవుతుంది. అక్కడ సాయంత్రాలదే పైచేయి. సూత్రం రెండు పూటలకూ ఒకటే అయినా గాలి ఒకటి కాదు.

వంజంగి కొండ మీద కనిపించేది

పాడేరు దగ్గరి వంజంగి కొండకు జనం అర్ధరాత్రి బయల్దేరి వెళ్లేది పొద్దుపొడుపు కోసమే. తెల్లవారేటప్పుడు అక్కడ కాళ్ల కింద లోయంతా మంచుతో నిండి ఉంటుంది, పైన ఆకాశం కడిగినట్టు ఉంటుంది. చలికాలపు గాలి ఎలా పొరలుగా విడిపోతుందో చూడాలంటే తెలుగు నేల మీద ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడాలి. చలికాలం రాత్రుళ్లు ఆకాశం నిర్మలంగా ఉండటంతో నేల తన వేడినంతా త్వరగా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, దాని మీద కాస్త వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పొగ, దుమ్ము, మంచు ఆ మూత దాటి పైకి పోలేవు. కింద ఉన్నవాళ్లకు అది ఇబ్బంది, పైన ఉన్న ఆకాశానికి మేలు.

ఎండాకాలంతో పోల్చితే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలిన నేల మీద నుంచి వేడిగాలి మరుగుతున్న ఎసరులా పైకి లేస్తుంది. మధ్యాహ్నానికి దుమ్ము 2, 3 కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసిపోతుంది. సాయంత్రపు కిరణం ఏటవాలుగా వందల కిలోమీటర్లు ఆ దుమ్ములోనే నడవాలి. పాలు ఎక్కువైన గ్లాసు అదే. చలికాలంలో ధూళి పొర పల్చగా, నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, దానికి పైనుంచి వచ్చే వెలుగు పెద్దగా మసకబారకుండా పై ఆకాశాన్నీ, ఎత్తయిన మేఘాలనూ చేరుతుంది. నగరంలో డిసెంబర్ సాయంత్రం జాగ్రత్తగా చూస్తే ఈ రెండు పొరలూ విడివిడిగా కనిపిస్తాయి. భవనాల వెనక, నేలకు ఆనుకుని మాసిన గోధుమ రంగు పట్టీ. దాని మీద తేటగా నారింజ, ఆపైన లేత పసుపు, ఇంకా పైన నీలం.

వెలుగు పడటానికి తెర

నిర్మలాకాశంలో వచ్చే రంగులు నాజూకుగా ఉంటాయి. ఫోన్ తీయించేంత రంగులు రావాలంటే మేఘం కావాలి. అయితే ఏ మేఘం అన్నదే ముఖ్యం. నైరుతి రుతుపవనాల కాలంలో ఉండే దట్టమైన కింది మేఘాలు పడమటి అంచునే మూసేస్తాయి. చలికాలంలో, 6 కిలోమీటర్ల పైన, దూది ఏకినట్టుగా సాగే మంచు స్ఫటికాల మేఘాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎత్తున వీచే పశ్చిమ గాలుల ప్రవాహం ఆ రోజుల్లో దక్షిణానికి జరిగి ఉండటం ఒక కారణం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు, తుఫాన్లు కూడా తమ నెత్తి మీద నుంచి ఇలాంటి పల్చటి మేఘాల్ని వందల కిలోమీటర్ల దూరం విరజిమ్ముతాయి. కోస్తాలో కొన్నిసార్లు తుఫానుకు ముందు, వెనక ఆకాశం కుంకుమ జల్లినట్టు అయ్యేది అందుకే.

ఎత్తు పెరిగితే రంగు నిలిచే సమయం కూడా పెరుగుతుంది. నేల మీద పొద్దు గుంకాక కూడా ఎత్తున ఉన్న మేఘానికి సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర డిసెంబర్‌లో, నెత్తి మీద 2 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘానికి సూర్యాస్తమయం తర్వాత సుమారు 6 నిమిషాలు వెలుగు అందుతుంది. 10 కిలోమీటర్ల ఎత్తు మేఘానికి సుమారు 14 నిమిషాలు. పైగా ఆ చివరి నిమిషాల వెలుగు అన్నిటికంటే ఎక్కువ గాలిని దాటి వస్తుంది కాబట్టి అన్నిటికంటే ఎర్రగా ఉంటుంది. సూర్యుడు మునగగానే బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయేవాళ్లు అసలైన భాగాన్ని వదులుకుంటున్నారు.

ఢిల్లీ చలికాలం వేరు, హైదరాబాద్ చలికాలం వేరు

రంగులన్నీ కాలుష్యం చలవే అన్న మాట బాగా పాతుకుపోయింది. అది నిజమైతే దేశంలోకెల్లా అందమైన సంజలు నవంబర్, డిసెంబర్ నెలల్లో ఢిల్లీలో కనిపించాలి. అక్కడ జరిగేది దానికి వ్యతిరేకం. గంగా మైదానం మీద పొగ, తేమ కలిసి గాలి మూత కింద చిక్కుకుపోయిన రోజుల్లో సూర్యుడు నేలను తాకకముందే, కొన్ని డిగ్రీల ఎత్తులోనే, పాలిపోయిన పళ్లెంలా మారి మాయమవుతాడు. చుట్టూ ఆకాశం బూడిద రంగులో ఉండిపోతుంది. అమెరికా వాతావరణ శాస్త్రవేత్త స్టీఫెన్ కార్ఫిడి ఈ అపోహ మీద వివరంగా రాశారు. మంచి రంగులున్న ప్రతి సంజకూ ఉమ్మడి దినుసు శుభ్రమైన గాలేనన్నది ఆయన వాదన.

మరి పొగ ఉన్న రోజున సూర్యబింబం ఎర్రగా కనిపిస్తుంది కదా అన్న సందేహం న్యాయమైనదే. భోగి తెల్లవారుజామున ఊరంతా మంటలు వేశాక పొద్దు పొడిస్తే బింబం ఎర్రటి ముద్దలా, కళ్లతో నేరుగా చూడగలిగేటట్టు ఉంటుంది. ఆ ఎరుపు బింబానికే పరిమితం. దాని చుట్టూ ఉన్న ఆకాశంలో వెలుగు తగ్గిపోతుంది, రంగు విస్తరించదు. బింబం ఎర్రబడటం వేరు, ఆకాశం రంగులు దిద్దుకోవడం వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే గందరగోళమంతా.

రేణువులు రంగును పెంచే సందర్భం ఒకటుంది, అగ్నిపర్వతాలు. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రాకటోవా పేలినప్పుడు గంధకపు వాయువులు 20 కిలోమీటర్ల పైకి చేరి సన్నటి ఆమ్ల బిందువులుగా మారాయి. సెప్టెంబర్‌లో సింహళంలో, మద్రాసు ప్రాంతంలో ఉదయ, సాయంకాలాల్లో సూర్యుడు ఆకుపచ్చగా, నీలంగా కనిపించాడు. నవంబర్ నాటికి అమెరికాలో సాయంత్రపు ఎరుపును చూసి ఎక్కడో మంటలు లేచాయనుకుని ఫైరింజన్లు బయల్దేరిన ఊళ్లున్నాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో పేలాక కూడా చాలా నెలల పాటు సంజలు ఊదా, గులాబీ రంగులు తేలాయి. ఆ బిందువులు చాలా సన్నగా, ఇంచుమించు ఒకే సైజులో, వాన కడిగివేయలేని ఎత్తులో ఉన్నాయి. వాహనాల పొగకూ, రోడ్డు దుమ్ముకూ ఈ మూడు లక్షణాలూ లేవు.

ఇక హైదరాబాద్ చలికాలం మచ్చ లేనిదేమీ కాదు. ఇక్కడా జనవరి ఉదయాల్లో పొగ నేల మీదే పేరుకుంటుంది. అందుకే చలి ముదిరిన జనవరి కంటే, వానలు గాలిని కడిగేసి అప్పుడప్పుడే పొడిబారుతున్న అక్టోబర్ చివర, నవంబర్ రోజులే ఈ ప్రాంతంలో రంగులకు ఎక్కువ అనుకూలం. చలికాలంలో గాలి శుభ్రంగా ఉంటుందన్న జవాబు సగమే నిజం అన్నది ఇందుకే. గాలి శుభ్రంగా ఉన్న చలికాలం మంచిది.

దూరం, వాలు, వేళ

సూర్యుడు భూమికి దగ్గరగా రావడం నిజమే. జనవరి మొదటివారంలో ఆ దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. మూడు శాతం తేడాతో రంగులు మారవు.

సూర్యుడు దిగే వాలు సంగతి కాస్త ఆలోచించదగ్గది. చలికాలంలో ఉత్తర దేశాల్లో సూర్యుడు బాగా ఏటవాలుగా, నేలను రాసుకుంటూ దిగుతాడు. డిసెంబర్‌లో లండన్‌లో పొద్దు గుంకాక మొదటి దశ సంధ్య, అంటే సూర్యుడు నేల అంచుకు 6 డిగ్రీల కిందికి దిగేదాకా ఉండే వెలుగు, 40 నిమిషాలుంటుంది. న్యూజెర్సీలో సుమారు 31 నిమిషాలు. అక్కడి తెలుగువాళ్లు పంపే ఫొటోల్లో రంగులు తీరిగ్గా కనిపించడానికి ఈ వాలు కొంత, చలిగాలుల వెంట కెనడా వైపు నుంచి దిగే పొడిగాలి కొంత కారణం. హైదరాబాద్‌లో ఈ సంధ్య మార్చిలో 22 నిమిషాలైతే డిసెంబర్‌లో 24 లోపే. జూన్‌లోనూ 24 నిమిషాలే. ఇంగ్లిష్ వివరణల్లో పెద్దపీట వేసే ఈ కారణం తెలుగు నేలకు పెద్దగా వర్తించదు.

వర్తించేది వేళ. జూన్‌లో హైదరాబాద్‌లో సూర్యోదయం 5:40 ప్రాంతంలో అయిపోతుంది, సూర్యాస్తమయానికి 6:50 దాటుతుంది. జనవరిలో సూర్యోదయం 6:45కి. అంటే స్కూల్ బస్సు కోసం నిలబడ్డ పిల్లలు, పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చినవాళ్లు, వాకింగ్ చేసేవాళ్లు అందరూ ఆ రంగుల కిందే ఉంటారు. సాయంత్రం 6 గంటలకే పొద్దు గుంకడంతో ఆఫీసు నుంచి ఇంటికెళ్లే దారిలో మళ్లీ కనిపిస్తుంది. చూసే కళ్లు పెరిగితే ఫొటోలూ పెరుగుతాయి. ఆ ఫొటోలకు ఫోన్ కెమెరా తనంతట తానే రంగు చిక్కబరుస్తుందన్నది కూడా మరవకూడదు.

దిక్కు కూడా మారుతుంది. డిసెంబర్ చివర్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. విశాఖ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో పొద్దు ఒడ్డుకు ఎదురుగా, నీళ్ల మీదే పొడుస్తుంది. చిన్నతనంలో ఆ ఊళ్లోనే చదువుకున్న సి.వి.రామన్, సముద్రపు నీలం ఆకాశం ప్రతిబింబం మాత్రమే కాదని, నీటి అణువులు చెదరగొట్టిన వెలుగు కూడానని 1921 ఓడ ప్రయాణం తర్వాత చూపించారు. ఆకాశానికి రేలీ చెప్పినది సముద్రానికీ చెందుతుందన్న మాట.

పొద్దు గుంకాక తూర్పు వైపు

అందరూ పడమటికి చూస్తున్నప్పుడు వీపు వెనక ఇంకొకటి జరుగుతుంది. నిర్మలమైన చలికాలపు సాయంత్రం, సూర్యుడు మునిగిన కొద్ది నిమిషాలకు తూర్పున నేల అంచు నుంచి బూడిద కలిసిన నీలం రంగు పట్టీ లేస్తుంది. అది భూమి నీడ, గాలి మీద పడ్డది. దాని మీద గులాబీ రంగు పట్టీ ఒకటి ఆనుకుని ఉంటుంది. బెల్ట్ ఆఫ్ వీనస్ అని దానికి పేరు. పడమటి నుంచి ఎర్రబడి వచ్చిన వెలుగు తూర్పు గాలికి తగిలి వెనక్కి చెదరడం వల్ల అది పుడుతుంది. నీడ పైకి లేచేకొద్దీ గులాబీ పట్టీ పల్చబడి పోతుంది.

అదే సమయంలో నడినెత్తిన ఆకాశం చిక్కటి నీలంగా ఉంటుంది. ఆ నీలానికి మాత్రం రేలీ సూత్రం ఒక్కటే చాలదు. ఎత్తున ఉన్న ఓజోన్ పొర నారింజ, పసుపు ప్రాంతపు కాంతిని కొంత పీల్చుకుంటుంది. ఏటవాలు వెలుగు ఆ పొరలో చాలా దూరం నడవడంతో నీలం మిగులుతుంది. సంధ్యవేళ నడినెత్తి నీలంలో పెద్ద వాటా ఓజోన్‌దేనని 1953లో ఎడ్వర్డ్ హల్బర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చూపించారు.

తూర్పున కనిపించే గులాబీ పట్టీ చాలా సున్నితమైనది. పొగ, ధూళి కాస్త ఎక్కువైనా ముందు మాయమయ్యేది అదే. ఏ పరికరం లేకుండా ఆ పూట గాలి ఎలా ఉందో తెలుసుకోవాలంటే, పొద్దు గుంకిన 10 నిమిషాలకు మేడ ఎక్కి తూర్పు వైపు చూస్తే చాలు. మబ్బు లేని రోజున గులాబీ, దాని కింద నీలి నీడ విడివిడిగా కనిపిస్తే గాలి తేటగా ఉన్నట్టు. రెండూ కలిసి ఒకే బూడిద రంగుగా ఉంటే, పడమట బింబం ఎంత ఎర్రగా మునిగినా, గాలిలో పొగ నిలిచి ఉన్నట్టే.